పాత పికప్ ముందుభాగంలో 70 కి.మీ. వేగం దగ్గర వణుకు: ఎక్కడి నుంచి వెతకాలి?

ప్రశ్న: హార్బర్‌బండి (విశాఖపట్నం)

నమస్కారం. నాది 2008 మోడల్ డీజిల్ పికప్. ముందు కూడా కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులు) ఉన్న పాత రకం. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు కింగ్ పిన్నులు అనే నిలువు పిన్నుల మీద పక్కకు తిరుగుతాయి. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. మీటరు 2,84,000 కి.మీ. చూపిస్తోంది. ఫిషింగ్ హార్బర్ నుంచి అనకాపల్లికి రోజూ, విజయనగరానికి వారంలో రెండు రోజులు చేపల పెట్టెలు తోలుతాను. తెల్లవారుజామున మూడు గంటలకు ఐసుతో సహా లోడు ఎక్కించుకుని వెళ్తాను, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తాను.

నా ఇబ్బంది ఎక్కువగా ఆ తిరుగు ప్రయాణంలోనే ఉంది. అనకాపల్లి దాటి లంకెలపాలెం వచ్చేలోపు రోడ్డు బాగున్న చోట వేగం 60 దాటగానే స్టీరింగ్ ఎడమకూ కుడికీ సన్నగా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. 70 దగ్గర డ్యాష్‌బోర్డు మీద పెట్టిన తాళాల గుత్తి గలగలలాడుతూ జారిపోయేంతగా పెరుగుతుంది. 85 దాటితే చాలావరకు తగ్గిపోతుంది, కానీ ఆ వయసు బండిని 85లో తోలడం నాకు ఇష్టం లేదు. లోడుతో వెళ్ళేటప్పుడు కూడా వణుకు ఉంటుంది గానీ, సగమే ఉంటుంది.

ఇది జూన్‌లో మొదలైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ బండిని మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో, సముద్రపు గాలి నేరుగా కొట్టే చోట నిలిపి ఉంచాను. వేట మొదలయ్యే ముందు రెండు కొత్త టైర్లు కొని ముందుకు వేయించాను. అప్పటినుంచి ఇప్పటివరకు మూడుసార్లు బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమం చేయడం), రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించి, ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ, టై రాడ్ ఎండ్లు (చక్రాలను తిప్పే స్టీరింగ్ కడ్డీ చివరి జాయింట్లు) రెండూ మార్పించాను. మొత్తం 18,400 రూపాయలు అయ్యాయి. పని చేయించిన ప్రతిసారీ వణుకు నాలుగు రోజులు కాస్త తగ్గినట్టో, ఒకసారైతే ఎక్కువైనట్టో అనిపించింది తప్ప పూర్తిగా పోలేదు. బ్యాలెన్సింగ్ యంత్రం తెర మీద రెండు వైపులా సున్నాలు వచ్చాయని ప్రతిసారీ నాకు చూపించారు కూడా.

ఇప్పుడు ఒక మేస్త్రి స్టీరింగ్ బాక్సు మార్చాలంటున్నారు, మరొకరు కింగ్ పిన్నులు పోయాయంటున్నారు. మళ్ళీ డబ్బు పెట్టే ముందు నేను స్వయంగా ఏయే పరీక్షలు, ఏ వరుసలో చేసుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను. నా దగ్గర జాకీ, వీల్ స్పానరు, మామూలు పనిముట్లు ఉన్నాయి. సాయానికి మా తమ్ముడు ఉంటాడు.


సమాధానం: ఆటోనగర్ మేస్త్రి (గాజువాక)

అయ్యా, మీరు వణుకు ఎప్పుడు పుడుతుందో, ఎప్పుడు తగ్గుతుందో ఇంత వివరంగా రాశారు కాబట్టి సగం పని మీరే చేసేశారు. మా షెడ్డుకు వచ్చేవారిలో పదిమందిలో తొమ్మిదిమంది "బండి ఊగుతోంది మేస్త్రీ" అని తాళాలు చేతిలో పెట్టి టీకి వెళ్ళిపోతారు.

స్టీరింగ్ బాక్సు ఇప్పుడే మార్చవద్దు. స్టీరింగ్ బాక్సు గానీ, కింగ్ పిన్ను గానీ, టై రాడ్ ఎండు గానీ తనంతట తాను వణకదు. వణుకు తిరిగే వస్తువులో పుడుతుంది. అరిగిన జాయింట్లు దాన్ని అదుపు చేయలేక పెద్దది చేసి మీ చేతికి అందిస్తాయి. ఒక వేగంలో మొదలై, ఒక వేగంలో పెరిగి, ఆపైన తగ్గుతోందంటే చక్రం, టైరు, హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం), డిస్కు వీటిలో ఏదో ఒకటి సమంగా తిరగడం లేదన్నమాట. అరిగిన జాయింట్ల వల్లే వచ్చే ఊపు వేరుగా ఉంటుంది. అది గతుకు తగిలినప్పుడు ఒక్కసారిగా పుట్టి, స్టీరింగును చేతుల్లోంచి లాగేసుకుంటున్నంత బలంగా కొట్టి, బండిని బాగా నెమ్మది చేస్తే గానీ ఆగదు. మీరు చెప్పింది అది కాదు.

ముందు రోడ్డు మీద మూడు పరీక్షలు చేయండి. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్ళే ఆరు వరసల రోడ్డు దీనికి బాగుంటుంది. వెనక బండ్లు లేని సమయం చూసుకోండి. కనీసం పది పదిహేను కిలోమీటర్లు తోలి టైర్లు వేడెక్కాకే మొదలుపెట్టండి, ఎందుకంటే రాత్రంతా నిలబడిన టైరు అడుగున కాస్త చదునై, మొదటి కొన్ని కిలోమీటర్లు ఊరికే వణికించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మొదటిది, వణుకు బాగా ఉన్న 70 దగ్గర క్లచ్చు నొక్కి న్యూట్రల్ చేసి బండిని దానంతట అది పోనివ్వండి. ఇంజను మాత్రం ఆపవద్దు; ఇంజను ఆపితే బ్రేకు బూస్టరుకు (పెడల్‌ను తేలిక చేసే భాగానికి) గాలి లాగుడు పోయి పెడల్ బిగుసుకుంటుంది, తాళం తిప్పితే స్టీరింగ్ లాకు పడే ప్రమాదం కూడా ఉంది. న్యూట్రల్‌లోనూ వణుకు అలాగే ఉంటే ఇంజనునూ, మౌంటింగులనూ, క్లచ్చునూ పక్కన పెట్టేయవచ్చు. రెండవది, అదే వేగంలో యాక్సిలరేటరు బాగా తొక్కి, తరువాత పూర్తిగా వదిలి చూడండి. తొక్కినప్పుడు పెరిగి వదిలితే పోతే ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు చేర్చే పొడుగాటి కడ్డీ) క్రాసుల వైపు, అంటే దాని జాయింట్ల వైపు చూడాలి. మూడవది, 70 నుంచి 40 దాకా మెల్లగా బ్రేకు వేయండి. బ్రేకు వేసినప్పుడే స్టీరింగ్ కొట్టుకుంటే, లేదా అప్పుడు బాగా ఎక్కువైతే డిస్కు మందం అన్నిచోట్లా ఒకేలా లేదని అర్థం. రెండు నెలలు కదలకుండా ఉన్న బండికి ప్యాడ్లు ఆనిన చోట డిస్కు మీద తుప్పు మచ్చ దిగడం మామూలే.

ఈ మూడూ చూసి వచ్చి ఇక్కడ రాయండి. మరొక్క ప్రశ్న: జూన్‌లో కొత్త టైర్లు వేసినప్పుడు వాటిని పాత ముందు రిమ్ములకే ఎక్కించారా, లేక రిమ్ములు అటూ ఇటూ మారాయా?


సమాధానం: మధురవాడ లెక్కలు

నేను మెకానిక్కును కాను, పాలిటెక్నిక్‌లో చదువు చెప్పే మనిషిని. మేస్త్రి గారు చెప్పినదానికి లెక్క జోడిస్తే ప్రశ్న అడిగినవారికి నమ్మకం కుదురుతుందనిపించి రాస్తున్నాను.

మీ టైరు 215/75 ఆర్15 కొలత అనుకుందాం. దాని వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు, చుట్టుకొలత 2.2 మీటర్లు. గంటకు 70 కి.మీ. అంటే సెకనుకు 19.4 మీటర్లు, కాబట్టి చక్రం సెకనుకు దాదాపు 9 చుట్లు తిరుగుతుంది. చక్రంలో ఒక చోట బరువు ఎక్కువ ఉంటే స్టీరింగ్ కూడా సెకనుకు 9 సార్లు కొట్టుకుంటుంది, ఆ కదలిక కంటికి కనిపిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక క్రౌను నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు తిరిగే చుట్లు) 4 అనుకుంటే, సెకనుకు 35 చుట్లు తిరుగుతుంది. అది ఊపులా కాక, కాళ్ళ కింద రేకు జివ్వుమన్నట్టు తెలుస్తుంది. మీ తాళాల గుత్తి జారిందీ, స్టీరింగ్ అటూ ఇటూ కదిలిందీ అన్నారు కాబట్టి ఇది షాఫ్టు వేగం కాదు, చక్రం వేగం. 85 దగ్గర తగ్గడానికి కారణం కూడా ఇదే. ముందు ఇరుసుకూ, స్టీరింగ్ కడ్డీలకూ కలిపి తమదైన ఊగే వేగం ఒకటి ఉంటుంది. చక్రం కొట్టే లయ దానితో కలిసినప్పుడు ఊపు పెరుగుతుంది, దాన్ని దాటిపోతే తగ్గుతుంది. తగ్గింది కదా అని తప్పు పోయిందనుకోవద్దు. బేరింగుల మీద పడే దెబ్బ ఇంకా పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ బలం వేగపు వర్గంతో పెరుగుతుంది.

ఆ బలం ఎంతో కూడా చూడండి. 15 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉంటే 70 వేగంలో అది సుమారు 1.8 కిలోల బరువుతో సెకనుకు 9 సార్లు లాగుతుంది. ఇంకో సంగతి ఏమిటంటే, టైరుతో కలిపి 25 కిలోలు ఉండే చక్రాన్ని హబ్బు మీద అర మిల్లీమీటరు పక్కకు బిగిస్తే, అది రిమ్ము అంచున 65 గ్రాముల సీసం బిళ్ళ అతికించినదానితో సమానం. బ్యాలెన్సింగ్ యంత్రం మీద సున్నా వచ్చిన చక్రం కూడా బండికి సరిగా కూర్చోకపోతే వణుకుతుందని దీన్ని బట్టి తెలుస్తుంది. మీరు "పని చేయించిన ప్రతిసారీ కాస్త తగ్గినట్టో ఎక్కువైనట్టో" అన్న మాట నన్ను బాగా ఆపింది. ఆ పనుల్లో చాలావాటిలో ఉమ్మడిగా జరిగింది చక్రం విప్పి మళ్ళీ బిగించడమే కదా.


సమాధానం: అరకురూటు

నేను శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్‌లో కూరగాయలు తోలుతాను. నాకూ ఇలాగే వచ్చింది. నాది టైరు లోపలి పట్టీ విడిపోవడం. పైకి టైరు కొత్తదిలాగే ఉంది, గాలి దిగలేదు, కానీ అరచేతితో చుట్టూ నిమిరితే ఒక చోట చిన్న పొంగు తగిలింది. యంత్రం మీద బరువు సరిచేసినా గుండ్రం కాని టైరు గుండ్రం కాదు కదా. మీ కొత్త టైర్ల పక్కగోడ మీద నాలుగు అంకెల తేదీ చూడండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. "కొత్తవి" అని అమ్మినవి గోడౌనులో ఏళ్ళ తరబడి ఎండిపోయినవి కావచ్చు. రీట్రెడ్ (పాత టైరుకు కొత్త తొక్కుడు అతికించిన) టైర్లయితే ముందు చక్రాలకు అసలు వద్దు.

ఇవేవీ తేలకపోతే స్టీరింగుకు డ్యాంపరు (ఊపును అణచే చిన్న షాక్ అబ్జార్బరు లాంటిది) ఒకటి వేయించుకోండి. మా స్టాండులో ఇద్దరు వేయించుకున్నారు, వణుకు చేతికి తెలియడం లేదంటున్నారు.


సమాధానం: ఆటోనగర్ మేస్త్రి (గాజువాక)

అరకురూటు గారూ, టైరు తేదీ గురించీ, అరచేతి పరీక్ష గురించీ చెప్పినవి వందకు వంద నిజం. అయితే చివరి మాటతో నేను ఏకీభవించలేను. ఒకవేళ లోపం వదులైన వీల్ నట్లలోనో, విడిపోతున్న టైరులోనో ఉంటే, చేతికి అందవలసిన హెచ్చరికను డ్యాంపరు మింగేస్తుంది. ఘాట్‌లో దిగుతున్న మనిషికి ఆ హెచ్చరిక ప్రాణం. కారణం దొరికి సరిచేశాక, కావాలంటే డ్యాంపరు వేసుకోవచ్చు.


ప్రశ్న అడిగినవారు: హార్బర్‌బండి

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం లోడు లేదు కాబట్టి తమ్ముడిని తీసుకుని సబ్బవరం వైపు వెళ్ళాను. న్యూట్రల్‌లో వణుకు రవ్వంత కూడా తగ్గలేదు. యాక్సిలరేటరు తొక్కినా, వదిలినా తేడా లేదు. బ్రేకు వేస్తే వేగంతో పాటు తగ్గింది తప్ప పెరగలేదు. టైర్ల తేదీ నిరుటిదే, అరచేతికి పొంగులేమీ తగలలేదు.

మేస్త్రి గారు రిమ్ముల గురించి అడిగారు. నాకు గుర్తులేక టైర్ల షాపు కుర్రవాడిని అడిగితే తెలిసింది: జూన్‌లో వెనక టైర్లే బాగా అరిగి ఉన్నాయి. వాటిని తీసేసి ఆ రిమ్ములకే కొత్త టైర్లు ఎక్కించి ముందుకు వేశారు, అప్పటిదాకా ముందున్న చక్రాలను టైర్లతో సహా వెనక్కి వేశారు. అంటే ఇప్పుడు ముందున్నవి పదేళ్ళుగా వెనక తిరిగిన రిమ్ములు. ఐసు కరిగిన చేపల నీళ్ళు బాడీ సందుల్లోంచి కారేది వాటి మీదకే.


సమాధానం: ఆటోనగర్ మేస్త్రి (గాజువాక)

దొరికిందనుకుంటున్నాను. అయినా చూడకుండా చెప్పడం తప్పు, కాబట్టి రెండు పరీక్షలు చేయండి.

ఒకటి మేకు పరీక్ష. బండిని చదును నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం పెట్టండి. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి చక్రం నేల విడిచేదాకా లేపి, ఇరుసు కింద గట్టి దిమ్మ కూడా పెట్టండి. ఒక్క జాకీని నమ్మి చేతులు లోపల పెట్టవద్దు. ఒక ఇటుక మీద పొడుగాటి మేకును తాడుతో కట్టి, దాని మొన రిమ్ము అంచుకు తగిలీ తగలనట్టు ఉండేలా ఇటుకను జరపండి. ఇప్పుడు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే, సరైన చక్రానికి మొనకూ రిమ్ముకూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉంటుంది. పక్కకు వంకర తిరిగే చక్రమైతే ఒకచోట మొన గీరుతుంది, ఎదురు వైపుకు వచ్చేసరికి సందు తెరుచుకుంటుంది. మొనను రిమ్ము పక్కకు పెట్టి ఒకసారి, టైరు తొక్కుడు మీదకు పెట్టి ఒకసారి చూడాలి. మొదటిది పక్క వంకర, రెండవది గుండ్రం తప్పడం. నా లెక్కలో రిమ్ము దగ్గర మిల్లీమీటరు దాటితే అనుమానించాల్సిందే. ఎక్కువ సందు ఉన్నచోట సుద్దతో గుర్తు పెట్టి, చక్రం విప్పి, చక్రాన్ని ఒక స్టడ్డు (నట్టు ఎక్కే హబ్బు మీది బోల్టు) జరిపి మళ్ళీ బిగించి చూడండి. ఆ ఎక్కువ సందు గుర్తుతో సహా చక్రంతో పాటే జరిగితే రిమ్ము వంకర. హబ్బు దగ్గరే నిలిచిపోతే హబ్బు ముఖంలో దోషం. రెండూ కాకుండా ప్రతిసారీ కొత్తచోట వస్తుంటే మధ్యలో తుప్పో, మట్టో ఉండి చక్రం ఒక్కోసారి ఒక్కోలా కూర్చుంటోందని అర్థం.

జాకీ మీద ఉండగానే జాయింట్లు కూడా చూసేయండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా? ఆడితే మీ తమ్ముణ్ణి బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది వీల్ బేరింగు వదులు, అప్పుడూ మిగిలి ఉంటే కింగ్ పిన్ను. పక్కలు పట్టుకుని ఊపితే వచ్చే ఆట టై రాడ్‌ది కావచ్చు. మీవి కొత్తవి కాబట్టి అక్కడ ఏమీ ఉండకూడదు.

రెండవ పరీక్ష బ్యాలెన్సింగ్ షాపులో చేయించాలి, దీన్ని చాలామంది చేయరు. యంత్రం మీద చక్రాన్ని మధ్య రంధ్రంలో శంకువు పెట్టి బిగిస్తారు. ఆ రంధ్రం అంచు తుప్పుతోనో, దెబ్బతోనో ఎగుడుదిగుడుగా ఉంటే చక్రం యంత్రం మీదే పక్కకు కూర్చుంటుంది, యంత్రం ఆ తప్పు స్థానానికి సున్నా తెచ్చి చూపిస్తుంది. కాబట్టి సున్నా వచ్చాక బిగింపు విప్పించి, శంకువును అలాగే ఉంచి, చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించి తిప్పమనండి. అప్పుడూ అయిదు, పది గ్రాముల లోపే వస్తే ఆ సున్నాను నమ్మవచ్చు.


ప్రశ్న అడిగినవారు: హార్బర్‌బండి

చేశాను. కాస్త పొడవుగా రాస్తున్నందుకు మన్నించండి, కానీ ఇలాంటి బండి ఉన్న మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

కుడి చక్రానికి మేకు సందు చుట్టూ దాదాపు ఒకేలా ఉంది. ఎడమ చక్రం తిప్పితే మేకు ఒకచోట కీచుమని గీరింది, ఎదురు వైపు సందులో హ్యాక్సా బ్లేడులు రెండు కలిపి సులువుగా దూరాయి, అంటే మిల్లీమీటరు పైనే. సుద్ద గుర్తు పెట్టి, విప్పి, ఒక స్టడ్డు జరిపి బిగిస్తే సందు మరో చోటికి వెళ్ళింది. ఇంకోసారి చేస్తే ఇంకోచోటికి వెళ్ళింది, ఈసారి సందు కూడా తగ్గింది. మీరు చెప్పిన మూడవ రకమే.

చక్రం విప్పి రిమ్ము వెనక వైపు చూస్తే నాకే సిగ్గేసింది. హబ్బుకు ఆనే చోట తుప్పు అప్పడం పొరల్లా లేచి ఉంది. స్క్రూడ్రైవరు మొనతో ఎత్తితే గోరంత పెచ్చులు ఊడివచ్చాయి, వాటి కింద తెల్లటి ఉప్పు పొడి ఉంది. కొన్ని పెచ్చులు నట్ల బిగింపుకు నలిగి పొడై అతుక్కుపోయాయి, కొన్ని నలగకుండా అలాగే నిలబడి ఉన్నాయి. చక్రం ప్రతిసారీ ఏ పెచ్చు మీద కూర్చుంటే అటు వాలేదన్నమాట. హబ్బు ముఖం కూడా రెండు నెలలు గాలికి నిలబడి గరుకెక్కింది. ఇనుప బ్రష్షుతో రెండింటినీ గీకి, ఎమెరీ కాగితంతో రుద్ది, మధ్య రంధ్రం అంచును కూడా శుభ్రం చేశాము. గంటన్నర పట్టింది, ఖర్చు బ్రష్షుకూ కాగితానికీ కలిపి 120 రూపాయలు. మళ్ళీ బిగించాక మేకు పరీక్షలో ఒక బ్లేడు కూడా దూరలేదు. కుడి చక్రానికి కూడా అంతే చేశాము.

తరువాత బ్యాలెన్సింగుకు వెళ్ళి సగం చుట్టు తిప్పే పరీక్ష అడిగితే కుర్రవాడు మొదట వింతగా చూశాడు. అతడు చేసింది మొదట శుభ్రం చేయకుండా వదిలిన స్టెప్నీ చక్రం మీద, నేనే సరదాగా అడిగాను. సున్నా తెచ్చి, సగం తిప్పి బిగిస్తే 45 గ్రాములు చూపించింది. అతడు యంత్రం వంక, నా వంక మార్చి మార్చి చూసి, వాళ్ళ యజమానిని పిలిచాడు. శుభ్రం చేసిన రెండు ముందు చక్రాలూ సగం తిప్పాక అయిదు గ్రాముల లోపే నిలిచాయి.

మూడు రోజులుగా తోలుతున్నాను. 70 దగ్గర తాళాల గుత్తి కదలడం లేదు. 75 దగ్గర ఖాళీ బండిలో మాత్రం స్టీరింగ్ మీద వేళ్ళు ఆనిస్తే చాలా సన్నని అదురు తెలుస్తోంది. జాయింట్ల పరీక్షలో ఎడమ చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంది, తమ్ముడు బ్రేకు తొక్కినా అది పోలేదు.


సమాధానం: మధురవాడ లెక్కలు

స్టెప్నీ మీద 45 గ్రాములు చాలా విలువైన సమాచారం. యంత్రం సగం చుట్టులో చూపించేది బిగింపు తప్పుకు రెండు రెట్లు, ఎందుకంటే మొదటిసారి తప్పుకు సరిపెట్టిన బరువూ, రెండవసారి ఎదురుగా తిరిగిన తప్పూ కలుస్తాయి. అంటే అసలు తప్పు 22 గ్రాముల చొప్పున ఉన్నట్టు. 25 కిలోల చక్రానికి అది ఒక మిల్లీమీటరులో ఆరో వంతు పక్కకు జరగడంతో సమానం. ఆ కాస్త జరుగుడు కంటికి కనిపించదు కాబట్టే అందరూ తెర మీది సున్నాను నమ్ముతారు.


సమాధానం: ఆటోనగర్ మేస్త్రి (గాజువాక)

బ్రేకు తొక్కినా ఆట పోలేదంటే ఎడమ కింగ్ పిన్ను బుష్షులు (పిన్ను చుట్టూ ఉండే గొట్టం తొడుగులు) అరిగాయి. కింగ్ పిన్నులు పోయాయన్న మేస్త్రి చెప్పింది పూర్తిగా తప్పు కాదు. వరుస మాత్రం తప్పు. వణుకు పుట్టిన చోటు వదిలి, దాన్ని పెంచుతున్న చోట డబ్బు పెట్టి ఉంటే, కొత్త బుష్షులు కూడా ఆ తుప్పు పెచ్చుల దెబ్బకు త్వరగా అరిగేవి. ఇప్పుడు చేయించుకోవచ్చు. రెండు వైపులా కలిపి ఒకేసారి చేయించండి, బుష్షులు కొట్టాక రీమరు (రంధ్రాన్ని లోపలినుంచి చెక్కే పనిముట్టు) పెట్టి సైజు తీసే టర్నర్ (లేతు పనివాడు) దగ్గరికే వెళ్ళండి. పిన్ను చేత్తో నొక్కితే దిగాలి, వదిలితే జారిపోకూడదు. సుత్తితో కొట్టి దించితే స్టీరింగ్ బిగుసుకుని, తిప్పాక మధ్యకు తిరిగి రాదు. ఆ పని అయ్యాకే చివరిగా అలైన్‌మెంట్ చేయించండి, ముందు చేయిస్తే ఆ డబ్బు వృథా. గ్రీజు నిపుల్స్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) పని చేస్తున్నాయో లేదో కూడా చూసుకోండి. మీ బండికి ఒక వైపే అరగడానికి గ్రీజు లోపలికి పోనివ్వని నిపుల్ కారణమై ఉండవచ్చు.

నట్లు బిగించే తీరు గురించి ఒక మాట. గాలి గన్నుతో ఒక నట్టును పూర్తిగా బిగించి తరువాతిదానికి వెళ్తే చక్రం ఆ ఒక్కవైపుకే లాగబడి కూర్చుంటుంది. అయిదు నట్లనూ ముందు చేత్తో ఎక్కించి, చక్రం ఇంకా గాలిలో ఉండగానే స్పానరుతో నక్షత్రం వరుసలో, అంటే ఒకటి వదిలి ఒకటి, కొద్దికొద్దిగా బిగించి, నేలకు దించాక బండి పుస్తకంలో ఇచ్చిన బిగువుకు టార్క్ రెంచితో ముగించాలి. స్టడ్డుల మరలకు గ్రీజు రాయవద్దు; జారుడు వల్ల అదే బిగువులో నట్టు ఎక్కువ లాగి స్టడ్డు సాగుతుంది. తుప్పు గీకిన హబ్బులో చక్రం ఇంకా కాస్త సర్దుకుంటుంది కాబట్టి వంద కిలోమీటర్ల లోపు తప్పకుండా మరోసారి బిగువు చూడండి.

రిమ్ముల మీదికి చేపల నీళ్ళు కారకుండా బాడీ సందులకు రేకు పట్టీ కొట్టించి, నీళ్ళు వెనక అంచు నుంచి పడేలా గొట్టం పెట్టించుకోండి. రాత్రి బండి పెట్టేముందు చక్రాల లోపలి వైపు మంచినీళ్ళతో కడగడం అలవాటు చేసుకుంటే వచ్చే ఏప్రిల్‌కు ఇంత తుప్పు పట్టదు.


ప్రశ్న అడిగినవారు: హార్బర్‌బండి

మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే నిన్న 90 కి.మీ. తిరిగాక నట్లు చూశాను. ఎడమ చక్రానికి రెండు నట్లు పావు చుట్టు చొప్పున తిరిగాయి, కుడివైపు ఏదీ కదలలేదు. ఎడమ కింగ్ పిన్ను పైనున్న గ్రీజు నిపుల్ ఎండిన రంగుతో మూసుకుపోయి ఉంది, గన్ను పెడితే గ్రీజు బయటకే పొంగింది తప్ప లోపలికి వెళ్ళలేదు. వచ్చే మంగళవారం ఆటోనగర్‌లో టర్నర్ దగ్గర రెండు వైపులా బుష్షులు వేయిస్తున్నాను. బాడీ కింద గొట్టం పని అదే రోజు వెల్డరు చేస్తానన్నాడు.